నాలుగో గడప దగ్గర తరళ

ఫిల్మ్ నగర్, హైదరాబాదు
12-8-1991, సోమవారం

చిరంజీవి సూర్యానికి,

అక్కయ్య రాజ్యలక్ష్మి ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. అక్కడ నిన్ను కనిపెట్టి ఉండమని పొద్దున్నే దీపం పెట్టి స్వామికి చెప్పుకున్నాను. మద్రాసు నీళ్ళు నీకు పడవు. కాచి చల్లార్చి తాగు.

శారద, పిల్లలు క్షేమం. చిన్నదానికి పన్ను ఊడింది. నువ్వు వచ్చాక చూపించాలని అగ్గిపెట్టెలో దాచుకుంది. శ్రావణం వచ్చింది కానీ ఈ కొండమీద వాన నిలవదు. బండల మీదనుంచి జారి టోలిచౌకి వైపు పోతుంది. కొత్త ఇళ్ళకోసం రాళ్ళు పేలుస్తున్నారు. రోజూ పదకొండింటికి మన కిటికీలు ఒకసారి అదురుతాయి.

నేను ఉత్తరాలు రాసే మనిషిని కాను. అయితే ఫోను మాటలు నాకు అంతకన్నా చేతకావు. అందుకని రాస్తున్నాను.

నిన్న నువ్వు తీస్తున్న సినిమా నిర్మాత వీరరాఘవయ్యగారు వచ్చారు. కాఫీ తాగినంతసేపూ నాన్న నవలే నాకు చెప్పారు, నేనెన్నడూ విననట్టు. నాన్నకి చూపు పోయాక, ఆయన నోటితో చెబుతుంటే ‘ఏడు గడపల కోట’ని వారం వారం కాగితం మీద పెట్టి పత్రికకి పంపింది నేనేనని ఆయనకి తెలుసు. అయినా చెప్పారు. నేనూ విన్నాను. మాంత్రికుడు రాజుని ఎత్తుకుపోయి కోటలో పెట్టడం, కోటకి ఏడు ద్వారాలు, ఏడు గడపలు, ముగ్గురు పిల్లలు తండ్రికోసం బయల్దేరడం. నాలుగో గడప దగ్గరికి వచ్చేసరికి ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. ఆ తలుపు తెరిచి ఉండాలంటే గడపమీద ఒకరు నిలబడాలి. నిలబడ్డవాళ్ళు, కన్నవాళ్ళు వచ్చి పేరు పెట్టి పిలిచేదాకా దిగకూడదు. రెండో అమ్మాయి తరళ నిలబడుతుంది. మీరు వెళ్ళి నాన్నని తీసుకురండి, ఆయనే పిలుస్తాడు అంటుంది. చివరికి రాజు విడుదలై, పక్షిరాజు వీపెక్కి, మిగిలిన పిల్లలిద్దరితో కోట దాటి ఎగిరిపోతాడు. తరళ మాట మళ్ళీ రాదు.

అప్పుడు నేను భీమవరంలో పి.యు.సి. చదువుతున్నానమ్మా, అన్నారాయన. ఆ పిల్లని ఎప్పుడు పిలుస్తారా అని గురువారం గురువారం బస్టాండులో పత్రిక కట్ట విప్పేదాకా నిలబడేవాడిని, ఆఖరి వారం పక్షి వచ్చి ఎత్తుకుపోయేసరికి అన్నం సయించలేదు, మీసాలొచ్చినవాడివి కథకి ఏడుస్తావేరా అని మా అమ్మ వీపుమీద ఒకటి వేసింది, అన్నారు.

సినిమాలోంచి ఏమేం పోయాయో వేళ్ళు మడుస్తూ లెక్క చెప్పారు. ఏడు ద్వారాలు మూడయ్యాయట. మాట్లాడే తాబేలు లేదు. అది ద్వారం దాకా నడిచేసరికే ఇంటర్వెల్ అవుతుందట. కుమ్మరి అవ్వ లేదు. పొడుపుకథల సంత లేదు. ఉప్పు సముద్రం తీసేశారు, మంచినీళ్ళ సముద్రం ఉంచారు, హీరోయిన్ స్నానం పాట అందులో ఉంది కాబట్టి. ఎనభై బిందెలతో ఒక కల పాట కొత్తగా చేరింది. నాన్న నవలలో ఎవరూ కలలు కనలేదు. పడుకునే తీరికే లేదు వాళ్ళకి. పక్షి మాత్రం ఉంది. ఆ పక్షి ఎగరడం కోసమే నువ్వు మద్రాసులో ట్రిక్ షాట్లు తీసేవాళ్ళ దగ్గర పదిహేను రోజులుగా కూర్చున్నావని చెప్పారు. మీ నాన్న అచ్యుతరామయ్యగారు రాసిన మొత్తంలో అసలు సినిమా అంటే ఆ పక్షేనమ్మా, మీ తమ్ముడూ అదే అంటాడు, అన్నారు.

వీటిమీద నాకు బాధ లేదు. ఎనిమిది వందల పేజీలు మూడు గంటల్లో ఎలా ఇముడుతాయి. తీరిక లేనినాడు నేను మాత్రం జపం కుదించుకోనా.

లేవబోతూ చెప్పారు, తరళ కూడా లేదమ్మా అని. రెండు రోజులు తీశాం, చాలా బాగా వచ్చింది, మీ తమ్ముడే తీసేద్దామన్నాడు, నేను ఉంచమని బతిమాలాను, వినలేదు, అన్నారు.

సూర్యం, తీసేస్తే నిర్మాతగారు తీసేస్తారని, నువ్వు అడ్డుపడతావని అనుకున్నాను. ఇది తిరగబడింది.

మన వీధి చివర బండలు దాటితే ఆ నాలుగో ద్వారం సెట్టింగు ఇంకా నిలబడే ఉంది. వినాయక చవితికి ముందే స్థలం ఖాళీ చెయ్యాలట. అక్కడ వేరే సినిమాకి కోర్టు హాలు కడతారట. సెప్టెంబరు అయిదో తేదీ గురువారం కూలుస్తారని కాపలా ఉండే ఓదెలు చెప్పాడు. అది కూలితే నువ్వు మనసు మార్చుకుని ఇంకేదైనా తీద్దామన్నా చోటు ఉండదు.

తరళని తీసెయ్యకు. నిన్ను నేను ఇంతవరకు ఏమీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

దీవెనలతో,
అక్కయ్య


ఫిల్మ్ నగర్
24-8-1991, శనివారం

చిరంజీవి సూర్యానికి,

అక్కయ్య దీవెనలు. నిన్న వరలక్ష్మీ వ్రతం శారద చేత చక్కగా చేయించాను. నీ ఉత్తరం ముందు రోజే వచ్చింది. పూజ అయ్యాక చదువుదామని దేవుడి గదిలో పెట్టి, ఈ పొద్దున తీశాను.

మొదటి పేజీ అంతా నిడివి గురించి రాశావు. పదహారు రీళ్ళు దాటితే హాలువాళ్ళు ఊరుకోరని, ఎక్కడ బడితే అక్కడ వాళ్ళే కోసేస్తారని. అదంతా నిజమే అయి ఉంటుంది. ఆఖరి నాలుగు వరసలే నీవి. నాన్న చిన్నక్కని పిలవలేదు, పిలవకుండానే పోయారు, ఆవిణ్ణి మళ్ళీ ఊరందరి ఎదుటా గడపమీద నిలబెట్టి పక్షెక్కి పొమ్మంటావా అక్కయ్యా, ఒకసారి చాలదా, అని రాశావు.

ఆ వరసలు చదివి కాగితం మళ్ళీ దేవుడి గదిలోనే పెట్టాను.

మీ చిన్నక్క లీల వెళ్ళిన రోజు నువ్వు ఏలూరు ఇంటి అరుగుమీద సైకిలు తుడుస్తున్నావు. పదిహేనేళ్ళు నీకు. మొత్తం విన్నావు. ఆ నాటక సమాజం హార్మోనియం ఆయనతో మద్రాసు వెళ్ళిపోతానని అది పెట్టె సర్దుకుని బయటికి వచ్చింది. నాన్న అరవలేదు. గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, ఈ గడప దాటితే నేను పిలిచేదాకా మళ్ళీ తొక్కకు అన్నారు. లీల నవ్వింది. ఏడుపు వచ్చినప్పుడు అది నవ్వేది. నాన్నా, ఎదురుగా పిలవడం మీ వల్ల కాదు, మీ కథలో పిలవండి, నేను వారం వారం చదువుతుంటాను, అంది. వెళ్ళిపోయింది.

మూడో వారానికి కథలోకి తరళ వచ్చింది. అమ్మ లేని ఇంట్లో ఉన్నది ముగ్గురమే. ఆ తరళ ఎవరో ముగ్గురికీ తెలుసు. ముగ్గురం నోరు విప్పలేదు. నువ్వు ప్రతి గురువారం బస్టాండుకి పరుగెత్తి పత్రిక తెచ్చి, ముందు నువ్వు చదివి, తర్వాత నా చేతికి ఇచ్చేవాడివి. ఏడాదిన్నర అలా గడిచింది. ఆఖరి సంచికలో పక్షి వచ్చింది. నువ్వు ఆ సంచిక నా చేతిలోంచి తీసుకుని వెళ్ళి కాలవలోకి విసిరేశావు. నాన్నతో మాట్లాడటం మానేశావు. ఆయన పోయేదాకా మాట్లాడలేదు. పోయిన రోజు మాత్రం వచ్చి చెయ్యాల్సినవన్నీ చేశావు.

ఇన్నాళ్ళూ నేను దాని గురించి నిన్ను ఒక్క మాట అడగలేదు. ఇప్పుడూ అడగను.

ఇక్కడ జరిగింది రాస్తాను. మొన్న బుధవారం తరళ వేషం కట్టిన అమ్మాయి తల్లితో వచ్చింది. వెంగళరావు నగర్‌లో ఉంటారట. తల్లి పేరు రాజమ్మ. చాలా వేడిమీద ఉంది. రెండు రోజులు ఎండలో నిలబెట్టారమ్మా మా పిల్లని, వీధిలో అందరికీ చెప్పుకున్నాం, మా ఆడపడుచు నెల్లూరునుంచి సినిమా చూడ్డానికే వస్తానంటోంది, ఇప్పుడు తెరమీద లేదంటే ఎవరికి మొహం చూపించను, అని అడిగింది. చూపించేదుంటే నీ కూతురి మొహం కదమ్మా, నీ మొహంతో పనేముంది, అని శారద మెల్లిగా అంది. ఆవిడకే నవ్వొచ్చింది. కాస్త చల్లబడి టిఫిను తింది.

పిల్ల మాత్రం నవ్వలేదు. పదహారేళ్ళుంటాయి. నీ సినిమా హీరోయిన్లలా కాదు, సన్నగా, ఎముకలు కనిపిస్తూ ఉంది. ఏం చెప్పి నిలబెట్టారమ్మా నిన్ను అని అడిగాను. కదలొద్దన్నారండీ అంది. తర్వాత కట్ అన్నారు, అందరూ భోజనాలకి వెళ్ళారు, నన్ను దిగమని ఎవరూ చెప్పలేదు, చెబుతారేమోనని అలాగే ఉన్నాను, లైట్లు తీసేవాళ్ళు వచ్చి, ఇంకా ఏం చేస్తున్నావమ్మా అన్నాక దిగాను, అంది.

సూర్యం, ఆ పిల్ల ఆ మాట చాలా మామూలుగా చెప్పింది.

వాళ్ళు వెళ్ళాక సాయంత్రం దీపం వేళకి ముందు నేను సెట్టింగు చూడ్డానికి వెళ్ళాను. ఇన్నాళ్ళూ వెళ్ళలేదు. ఓదెలు భార్య బాలమణి నా వెంట వచ్చింది. ద్వారం రెండు నిలువుల ఎత్తు. చెక్కమీద పిండిసున్నం పూసి రాయి రంగు వేశారు. వెనక ఏమీ లేదు. బండలు, తుమ్మపొదలు, ఎవరో సగం కట్టి ఆపిన గోడ, అంత దూరాన గోల్కొండ. కోట అనేది ముందువైపు మాత్రమే ఉంది.

గడపకి మాత్రం పసుపు రాసి ఉంది. కుంకుమ బొట్లు ఉన్నాయి. ఇది సినిమావాళ్ళు చేసిందా బాలమణీ అని అడిగాను. లేదమ్మా, నేనే పెట్టిన, అంది. కాపలాకొచ్చిన తొలినాడు చూస్తే గడప బోసిగ ఉండె, గడప అన్నంక బోసిగ ఉంచుతరా, ప్రతి శుక్రారం రాస్తున్న, అంది. ఉత్త చెక్క కదే అన్నాను. పసుపు రాయనంతసేపే ఉత్త చెక్కమ్మా, గిప్పుడు కాదు, అంది. ఓదెలు అవతలనుంచి గొంతు కలిపాడు. అదే నా ఫికరు, బీస్తారం నాడు కూలగొట్టుమంటున్నరు, పసుపు రాసిన గడప మీద గొడ్డలేస్తే ఎట్ల, ఎవలన్న ఒక్కలు ఇంట్లకు దాటి రావాలె, అటెన్క తియ్యాలె, మా దాంట్ల గంతే, అన్నాడు. బీస్తారమంటే వీళ్ళ మాటలో గురువారం. మరి నువ్వే దాటరాదా అంటే, నేను కాపలోణ్ణి, నాది ఇల్లా ఏంది, ఆ ఇంటోళ్ళే దాటాలె, అన్నాడు.

నేను గడప ముందు నిలబడ్డాను. గాలి లేదు. పైన పావురాలు కూడా ఆగిపోయాయి. అవతలివైపు, నా అంత దగ్గరగా, ఒకరు నిలబడి ఉన్నట్టు అనిపించింది. నన్ను చూడటం లేదు. నా మీద కోపంగానూ లేదు. నా భుజం మీదుగా నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూస్తున్నట్టు ఉంది. నేను భయస్తురాలిని కానని నీకు తెలుసు. శ్మశానం పక్క సందులోంచి ఒక్కదాన్నే తెల్లవారుజామున గుడికి వెళ్ళేదాన్ని. ఆ గడప మాత్రం దాటలేకపోయాను. బాలమణి నా చెయ్యి పట్టుకుని, నాక్కూడ గిట్లనే అయితదమ్మా, అందుకే దినాం ముగ్గేస్త, అంది.

అందుకని మళ్ళీ అడుగుతున్నాను. నిలబెట్టి వదిలెయ్యడం తప్పని నువ్వు రాశావు. నిజమే. వదిలెయ్యకు. పిలిపించు. సెట్టింగు ఉంది, పిల్ల ఉంది, రాజు వేషం ఆయన ఊళ్ళోనే ఉన్నాడు. ఒక్క పూట పని. రాజు తిరిగి నడిచి వచ్చి తరళని పిలిచినట్టు తియ్యి. లీల ఎక్కడ ఉన్నా సినిమా చూస్తుంది. నలభై ఆరేళ్ళే దానికి. ఉంటే చూస్తుంది.

ఆలోచించు.

నీ అక్కయ్య,
రాజ్యలక్ష్మి


ఫిల్మ్ నగర్
1-9-1991, ఆదివారం

చిరంజీవి సూర్యానికి,

అక్కయ్య దీవెనలు. ఈ ఉత్తరం మీ ప్రొడక్షన్ మేనేజర్ జంగయ్య చేతికి ఇచ్చి పంపుతున్నాను. సాయంత్రం రైలుకి వస్తున్నాడు. పోస్టులో వేస్తే గురువారం లోపల నీకు చేరదు.

మొన్న నువ్వు ఫోను చేసినప్పుడు నేను జవాబు చెప్పకుండా రిసీవరు శారదకి ఇచ్చేశాను. తప్పుగా అనుకోకు. నువ్వు అన్నవన్నీ విన్నాను.

తాబేలుని తీసెయ్యగలను, సంతని తీసెయ్యగలను, నాన్న రాయనిదాన్ని మాత్రం రాయలేను, అన్నావు. కొయ్యడం వేరు అక్కయ్యా, లేని మాటని ఆయన నోట్లో పెట్టడం వేరు, అన్నావు. పిలవాలని ఆయనకి లేదు, పిలిచినట్టు నేను తీస్తే చిన్నక్కకి అబద్ధం చెప్పినట్టు, ఆవిడ హాల్లో కూర్చుని చూస్తే ఇది నాన్నది కాదు, సూర్యంగాడి జాలి అని ఒక్క క్షణంలో తెలుసుకుంటుంది, అన్నావు. ఎప్పుడూ నువ్వు ఆయన్ని వెనకేసుకొస్తావు, బతికుండగా చేశావు, ఇప్పుడూ చేస్తున్నావు, అని కూడా అన్నావు.

నువ్వు చెప్పినదాంట్లో తప్పు లేదు. నీకు తెలిసినంతలో నువ్వు న్యాయంగానే ఉన్నావు.

ఓదెలు ముగ్గురు కూలీలకి గురువారం రమ్మని చెప్పి వచ్చాడు. బాలమణి మొన్న శుక్రవారం పసుపు రాయలేదు. చెయ్యి రాలేదమ్మా అంది. ఆ పిల్ల తల్లి రాజమ్మ ఇంకోసారి వచ్చి వెళ్ళింది. ఈసారి కోపంగా లేదు. గురువారం దాకా మా పిల్ల జుట్టు కత్తిరించకుండా ఉంచుతానమ్మా, ఒకవేళ పిలుస్తారేమో, అని చెప్పి వెళ్ళింది.

శారద నీ కోసం కందిపొడి, చింతకాయ పచ్చడి పంపుతోంది. పచ్చడి సీసా మూత గట్టిగా ఉంటుంది, జాగ్రత్త. చిన్నదానికి కొత్త పన్ను వస్తోంది.

ఆరోగ్యం చూసుకో. భగవంతుడు నీకు మంచి ఆలోచన ఇవ్వాలి.

ఆశీస్సులతో,
అక్కయ్య

తా.క. మడిచి అంటించబోయి మళ్ళీ విప్పాను. సంతకానికి పైన రాయలేకపోయింది కింద రాస్తున్నాను.

నాన్న పిలిచారు. నేను రాయలేదు.

ఆఖరి భాగం నాన్న ఒక మంగళవారం పొద్దున చెప్పారు. నువ్వు బడిలో ఉన్నావు. అందులో పక్షి లేదు. రాజు కాలినడకన వెనక్కి వస్తాడు. ఏడో గడప, ఆరో గడప, అయిదో గడప దాటి నాలుగో దాని దగ్గరికి వస్తాడు, పిలుస్తాడు. మొత్తం చెప్పినట్టే రాశాను. ఆ వారంలోనే తెనాలి సంబంధంవాళ్ళు నన్ను చూసి వెళ్ళి, నచ్చానని కబురు చేశారు. నాకు అప్పటికి ముప్ఫై. పెళ్ళికొడుకు తల్లి నన్ను పక్కకి తీసుకెళ్ళి, వెళ్ళిపోయిన ఆ రెండో అమ్మాయి మళ్ళీ మీ ఇంటి గుమ్మం తొక్కదు కదా అని అడిగింది. తొక్కదండీ అన్నాను.

లీల చదివితే మర్నాడే బండెక్కి వస్తుంది. అందుకని ఆ కాగితాలు తీసేసి, పక్షి రెక్కల మీద ఎగిరిపోయే భాగం నేనే సొంతంగా రాసి పత్రికకి పంపాను. మూడు పేజీలు. నువ్వు నెల రోజులుగా మద్రాసులో ఎగరేస్తున్నది నా పక్షిని. మాఘంలో మూడు ముళ్ళు పడ్డాక నేనే మద్రాసు వెళ్ళి లీలని తీసుకొద్దామనుకున్నాను. మాఘం రాకముందే ఆ సంబంధం ఇంకేదో కారణానికి తప్పిపోయింది. అప్పటికి కథ అయిపోయింది. లీల మద్రాసులో ఉంటున్న ఇంటినుంచి ఎక్కడికో మారిపోయింది.

పత్రిక వచ్చిన రోజున నాన్నకి చదివి వినిపించాను. అచ్చయింది కాదు, ఆయన చెప్పింది. కాగితం చూసినట్టు నటిస్తూ, జ్ఞాపకం మీద. ఆయన చొక్కా తొడుక్కుని వీధి అరుగుమీద కూర్చున్నారు. సాయంత్రం దాకా కూర్చున్నారు. మర్నాడూ, ఆ మర్నాడూ. నువ్వు దాన్ని నాటకం అనుకున్నావు. నెల అయ్యాక, పిలిచాను కదా, ఇంక దాని ఇష్టం అన్నారు. మళ్ళీ దాని పేరు ఎత్తలేదు. సూర్యం నాతో ఎందుకు మాట్లాడడే అని ఒకసారి అడిగారు. చదువు ధ్యాస నాన్నా అన్నాను. పదమూడేళ్ళు ఆయన కూతురు తన పిలుపు కాదన్నదని, కొడుక్కి తాను పట్టలేదని అనుకుని బతికారు. అలాగే పోయారు.

పాఠకుల ఉత్తరాలు పత్రికవాళ్ళు ఇంటికి పంపేవాళ్ళు కదా. వాటిలో మూడు కార్డులు, పేరు లేనివి, ఒకే చేతిరాతవి వచ్చాయి. అరవై ఎనిమిదిలో, డెబ్భైలో, డెబ్భై మూడులో. మూడింట్లోనూ ఒకటే ప్రశ్న. తరళ ఇంకా అక్కడే ఉందా అని. లీల రాత నాకు తెలియకపోవడమేమిటి. నాన్నకి చదవలేదు. అవి దేవుడి పటాల వెనక ఉన్నాయి. నన్ను నువ్వు అందరితో మా అక్కయ్య ఋషి అని చెబుతావు. రోజూ నేను దీపం పెట్టేది ఆ మూడు కార్డులకి. డెబ్భై మూడు తర్వాత ఒక్కటీ రాలేదు.

నన్ను ఏమన్నా అను. నీ ఇంట్లో ఉండొద్దంటే వెళ్తాను. అయితే గురువారం లోపల రా. నాన్న రాయనిది రాయనన్నావు. ఇది నాన్నది. ఆ కాగితాలు అప్పుడే పొయ్యిలో పెట్టాను కానీ, చెప్పింది చెప్పినట్టు నాకు గుర్తుంది. ఇరవై మూడేళ్ళుగా రోజూ అనుకుంటున్నాను. రాసుకో.

రాజు నాలుగో గడప ముందు ఆగాడు. లోపల చీకటి. తరళా అని పిలిచాడు. పలకలేదు. కిరీటం తీసి నేలమీద పెట్టాడు. అమ్మా తరళా, నిన్ను ఇక్కడ నిలబెట్టింది మాంత్రికుడు కాదు, నా పంతం. కాళ్ళు నొప్పి పెడుతున్నాయేమో. నేను నాన్నని. వచ్చాను. దిగి రా.

దిగి రా అనే ముందు నాన్న చాలాసేపు ఆగారు. నేను కలం పట్టుకుని కూర్చున్నాను. ఆ మాట అన్నాక, రాశావా అని అడిగారు. రాశాను నాన్నా అన్నాను. మంచినీళ్ళు ఇమ్మన్నారు.